ఆన్‌కాల్ వారం గడిచేసరికి మనిషి డీలా పడుతున్నారు: ఆరుగురి సపోర్ట్ టీమ్‌కి రోటా, అలర్ట్‌లు, నిద్ర ఎలా సర్దాలి?

నిద్రగన్నేరు · మంగళవారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. హైదరాబాద్ నుంచి నడిచే ఎల్2 (మొదటి వరస ఎల్1 వాళ్లు తేల్చలేనివి చూసే రెండో వరస) సపోర్ట్ టీమ్ కోసం సలహా కావాలి. మనుషులు ఆరుగురు, వారానికొకరు చొప్పున ఆన్‌కాల్ (డ్యూటీ కాని వేళ కూడా ఫోన్ మోగితే లేచి చూడాల్సిన వంతు). సాఫ్ట్‌వేర్ పేరోల్‌ది, కస్టమర్లంతా అమెరికా తూర్పు తీరం వాళ్లు. డ్యూటీ ఉదయం 10 నుంచి రాత్రి 7 వరకు. ఆన్‌కాల్ వారంలో కూడా అదే డ్యూటీ, దాని మీద అదనంగా ఫోన్.

గత నాలుగు వారాల లెక్క తీశాను. మొత్తం పేజీలు (ఆన్‌కాల్ మనిషి ఫోన్‌కి వచ్చే పిలుపులు) 61. రాత్రి 11కీ ఉదయం 6కీ మధ్య వచ్చినవి 38. వాటిలో నిజంగా చెయ్యి పెట్టాల్సి వచ్చినవి 9. మిగతావి లేచి లాప్‌టాప్ తెరిచేలోపు సర్దుకున్నవి, లేదంటే పొద్దున చూసినా సరిపోయేవి.

టీమ్‌లో ఇద్దరు ముగ్గురిలో మార్పు తెలుస్తోంది. టికెట్ చదవకుండానే వెనక్కి పంపడం, కస్టమర్ పేరు చూస్తేనే విసుక్కోవడం, ఇదివరకు అరగంటలో తేల్చే పనికి రెండు గంటలు పట్టడం. వీటిని ఎక్కడినుంచి పట్టుకోవాలి? రోటా మార్చాలా, అలర్ట్‌లు తగ్గించాలా, సెలవులు ఇప్పించాలా?

ఎల్‌త్రీ_కాజీపేట · మంగళవారం రాత్రి 9:48

ముందు లెక్క తీసిన్రు చూడు, అది మంచి పని. చాలామంది ‘రోజూ లేపుతున్నరు’ అంటరు గని ఎన్నిసార్లు అంటే చెప్పలేరు.

28 రాత్రుల్లో 38 పేజీలంటే రాత్రికి ఒకటి దాటింది. గూగుల్‌ల సర్వీసులు ఆగకుండ చూసే ఎస్‌ఆర్‌ఈ టీమ్ వాళ్లు 2016లో బయటపెట్టిన పద్ధతిలో 12 గంటల షిఫ్టుకి రెండు ఇన్సిడెంట్లకు మించొద్దు అని ఉంటది. ఎందుకంటే ఒక ఇన్సిడెంట్‌కి మూలకారణం వెతకడం, సరిచేయడం, రాసిపెట్టడం అన్నీ కలిపితే సుమారు 6 గంటలు పడతదని వాళ్ల లెక్క. మీ అంకె దానికంటే తక్కువే కనిపిస్తది. కానీ వాళ్లు చెప్పింది మెలకువగా డ్యూటీ చేసే మనిషి గురించి. మీ దగ్గర పగలంతా పనిచేసి పడుకున్న మనిషిని లేపుతున్నరు. రెండూ ఒకటి కావు.

ఇప్పుడు ఒక షీట్ పెట్టున్రి. ఆరు గడులు చాలు: టైము, అలర్ట్ పేరు, ఏం చేసిన్రు, పొద్దుటిదాకా ఆగేదా, ఎన్ని నిమిషాలు పట్టింది, మళ్లా ఎప్పుడు నిద్ర పట్టింది. ఆఖరి గడి ఎవ్వరూ రాయరు, నష్టం మొత్తం అక్కడే ఉంటది. ఐదు నిమిషాల పేజీకి గంట నిద్ర పోతది. తర్వాత అలర్ట్ పేరు ప్రకారం సార్ట్ చేయున్రి. సగానికి పైగా మోత మూడు నాలుగు పేర్ల నుంచే వస్తుంటది.

ఇంకొక పని: ఆ 38నీ గంటలవారీగ విడగొట్టి ఇక్కడ పెట్టున్రి. నాకొక అనుమానం ఉంది.

మల్లెపందిరి · మంగళవారం రాత్రి 10:20

మీరు రాసిన మార్పులు మూడూ మూడు వేర్వేరు గుర్తులండీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని ఐసీడీ-11 (జబ్బుల అంతర్జాతీయ పట్టిక)లో చేర్చినప్పుడు దాన్ని జబ్బుగా రాయలేదు. ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగా రాసింది. సత్తువ అయిపోవడం, పని మీద విరక్తి, చేసే పనిలో పస తగ్గడం అని మూడు పాయలు చెప్పింది. టికెట్ చదవకుండా తోసెయ్యడం రెండోది. అరగంట పని రెండు గంటలవడం మూడోది. దీన్ని ఆ మనిషి బద్ధకంగా లెక్కేసి అప్రైజల్‌లో రాస్తే మాత్రం ఆ మనిషి మీకు దక్కరు.

నిద్రలేమినీ బర్నౌట్‌నీ వేరుచేసి చూడండి. ఆన్‌కాల్ అయిపోయాక నాలుగైదు రాత్రులు పూర్తిగా పడుకుంటే మనిషి తేటపడుతున్నారా? అయితే అది ఎక్కువగా నిద్ర బాకీ. రెండు వారాలు ఫోన్ మోగకపోయినా సోమవారం అనగానే గుండె దడ, ఆకలి లేకపోవడం, ఇష్టమైన వాటి మీద కూడా మనసు పోకపోవడం ఉంటే రోటా మార్చి ఊరుకుంటే సరిపోదు, డాక్టర్‌ని కలవాలి. వెళ్లినప్పుడు థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు కూడా అడగండి. నీరసానికి ఇవీ కారణాలవుతాయి, అన్నింటినీ ఉద్యోగం ఖాతాలో వేసేస్తే అసలుది దాటిపోతుంది.

మాట్లాడే మనిషి వెంటనే కావాలంటే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. 2022 అక్టోబరులో మొదలైంది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. టీమ్ గ్రూపులో పిన్ చేసి పెట్టండి. ఎవరికి అవసరమో మీకు తెలియక్కర్లేదు.

కేబుల్_పురుగు · మంగళవారం రాత్రి 11:05

అలర్ట్‌ల సంగతి నేను చెప్తాను.

మనిషిని నిద్ర లేపే అలర్ట్ రెండు పరీక్షలు దాటాలి. ఒకటి, కస్టమర్‌కి ఇప్పుడు దెబ్బ తగులుతుండాలి. రెండు, లేచిన మనిషి చెయ్యగలిగిన పని ఒకటి ఉండాలి. సీపీయూ 80 శాతం దాటింది అన్నది రెండింట్లోనూ తప్పుతుంది. సర్వర్ ఉన్నదే పనిచెయ్యడానికి.

డిస్క్ అలర్ట్ తీసుకోండి, అందరి దగ్గరా ఉండేదే. 90 శాతం నిండితే పేజ్ అని పెడతారు. 2 టీబీ డిస్కులో 90 శాతమంటే ఇంకా 200 జీబీ ఖాళీ ఉంది, వారం ఆగొచ్చు. 20 జీబీ డిస్కులో 90 శాతమంటే మిగిలింది 2 జీబీ, లాగ్ ఒకటి పిచ్చెత్తితే ఇరవై నిమిషాల్లో హరీ. ఒకే అంకె మొదటిచోట ఊరికే లేపుతుంది, రెండోచోట ఆలస్యంగా లేపుతుంది. ప్రొమీథియస్ అనే మానిటరింగ్ టూల్‌లో ప్రెడిక్ట్ లీనియర్ అనే ఫంక్షన్ ఉంది. గత గంట పోకడ చూసి ‘ఈ లెక్కన 4 గంటల్లో నిండుతుంది’ అంటేనే పేజ్, ‘4 రోజుల్లో నిండుతుంది’ అంటే టికెట్. ఒక్క గంట పోకడ మీదే ఆధారపడితే బ్యాకప్ జరిగే సమయంలో తప్పుడు కూత వస్తుంది. అందుకని ఖాళీ 15 శాతం లోపు ఉండాలనే షరతు కూడా కలపండి.

వాటంతటవే సర్దుకునే అలర్ట్‌లకి ‘ఫర్’ గడువు (సమస్య ఎంతసేపు నిలిస్తే మోగాలి అన్నది) లేకపోవడమో, ఒక్క నిమిషమే ఉండడమో కారణం. 5 నిమిషాలు చెయ్యండి, సగం రాలిపోతాయి. ప్రొమీథియస్ అలర్ట్‌లని పంపే అలర్ట్‌మేనేజర్‌లో గ్రూపింగ్ (సంబంధం ఉన్న అలర్ట్‌లని కలిపి ఒక్కటిగా పంపడం) కూడా చూడండి. డేటాబేస్ ఒకటి పడితే దాని మీద ఆధారపడ్డ పన్నెండు సర్వీసులు పన్నెండు పేజీలు పంపకూడదు. ఇన్హిబిట్ రూల్ రాస్తే తల్లి అలర్ట్ మోగుతున్నంతసేపూ పిల్లలు నోరు మూసుకుంటాయి. రిపీట్ గడువు (తీరని అలర్ట్ మళ్లీ మోగే వ్యవధి) మామూలుగా 4 గంటలు ఉంటుంది. ఎవరైనా దాన్ని 15 నిమిషాలకి మార్చారేమో చూడండి, ఇది చాలా చోట్ల జరిగే తప్పు.

ఓపిక ఉంటే అసలు మందు ఎర్రర్ బడ్జెట్, అంటే హామీ తప్పకుండా ఎంతసేపు చెడొచ్చో ఆ కోటా. 99.9 శాతం హామీ అంటే 30 రోజుల్లో సుమారు 43 నిమిషాలు చెడొచ్చు. ఆ బడ్జెట్‌ని మామూలు వేగానికి 14.4 రెట్లు చొప్పున గంటసేపు తింటే, గంటలోనే 2 శాతం పోయినట్టు, అప్పుడు లేపండి. 6 రెట్లు చొప్పున 6 గంటలు తింటే 5 శాతం, అప్పుడూ లేపండి. మూడు రోజులుగా మెల్లగా తింటుంటే టికెట్ చాలు. వీటికి పక్కనే 5 నిమిషాలు, 30 నిమిషాల చిన్న కిటికీలు (ఇప్పటికీ తింటోందా అని చూసే లెక్క) కూడా జతచెయ్యాలి, లేకపోతే సమస్య తీరాక కూడా గంటసేపు మోగుతుంది.

వెబ్‌సైట్ భద్రతా సర్టిఫికెట్ గడువు అలర్ట్ రాత్రి పూట ఎందుకు రావాలో నాకు ఎప్పటికీ అర్థం కాదు. 30 రోజుల ముందు టికెట్, 14 రోజుల ముందు మళ్లీ టికెట్, 3 రోజుల ముందు పగటిపూట ఫోన్. అంతే.

నిద్రగన్నేరు · బుధవారం ఉదయం 8:15

కాజీపేట అన్న అడిగిన లెక్క: రాత్రి 11 నుంచి 2:30 మధ్య 26. 2:30 నుంచి 6 మధ్య 12. ఆ 26లో 17 మానిటరింగ్ నుంచి కాదు, కస్టమర్ పోర్టల్‌లో పీ1 (అన్నిటికన్నా తీవ్రం) అని పెట్టిన టికెట్లు. కస్టమర్ పీ1 ఎంచుకోగానే ఆటోమేటిక్‌గా పేజ్ అవుతుంది, 15 నిమిషాల్లో స్పందించాలి.

ఎల్‌త్రీ_కాజీపేట · బుధవారం ఉదయం 8:40

నేను అనుకున్నదే. ఎండాకాలం టైము ప్రకారం న్యూయార్క్‌ల పొద్దున 9 అంటే మనకు సాయంత్రం 6:30. వాళ్ల సాయంత్రం 5 అంటే మనకు రాత్రి 2:30. అంటే మీ 26 పేజీలు కస్టమర్ ఆఫీసు నడుస్తున్న టైములో వచ్చినయి. ఇది ఆన్‌కాల్ కాదు. మనిషిని పెట్టని షిఫ్టు. పగలు పని చేసిన మనిషి మీదనే ఆ షిఫ్టు కూడా రుద్దిన్రు. దీన్ని ఎన్ని అలర్ట్‌లు తీసేసినా సరిచేయలేరు.

ఆరుగురిల వారానికి ఒకర్ని సాయంత్రం 5:30 నుంచి రాత్రి 2:30 వరకు డ్యూటీల పెట్టున్రి. ఆ వారం పగటి పని సున్న. పొద్దున స్టాండప్ మీటింగ్‌కి కూడా పిలవొద్దు. ఇక అసలైన ఆన్‌కాల్ రాత్రి 2:30 నుంచి పొద్దున 10 వరకే మిగులుతది. దాన్ని వేరే మనిషికి ఇయ్యున్రి. పన్నెండు పేజీల్లో అలర్ట్‌లు సర్దినంక మూడో నాలుగో మిగులుతయి.

అప్పుడు ఒక్కో మనిషికి ఆరు వారాల్లో ఒక సాయంత్రం వారం, ఒక ఆన్‌కాల్ వారం. రెండు పక్కపక్కన పెట్టొద్దు, నడుమ రెండు మామూలు వారాలు ఉండాలె.

పాత_బ్రిడ్జికాల్ · బుధవారం ఉదయం 9:30

పీ1 టికెట్ల విషయం. కస్టమర్ తన తీవ్రత తానే నిర్ణయించి అది నేరుగా మనిషిని లేపడం చాలా చోట్ల కాంట్రాక్టులో లేని సౌకర్యం. పోర్టల్ పెట్టినవాళ్లు డ్రాప్‌డౌన్‌కి తగిలించేశారు, అంతే. కాంట్రాక్టు తెచ్చి చదవండి. ఎక్కువగా ‘తీవ్రతను ఉభయులూ కలిసి నిర్ధారిస్తారు’ అన్న తరహా వాక్యం ఉంటుంది.

ఎల్1 వాళ్లు పేజ్ చేసే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఇప్పుడు ఎంతమందికి పని ఆగింది? వేరే దారిలో పని నడుపుకోవచ్చా? రేపు ఉదయం మీ 9 గంటల వరకు ఆగితే ఏ గడువు తప్పుతుంది? ఈ మూడోది బంగారం. ‘రిపోర్టులో పేరు స్పెల్లింగ్ తప్పు పడింది’ అని పీ1 పెట్టినవాళ్లు కూడా మూడో ప్రశ్న దగ్గర తామే పీ3 చేసుకుంటారు. ఎల్1 లేకపోతే పోర్టల్ ఫారంలోనే ఈ మూడు గడులూ తప్పనిసరి చెయ్యండి. ఖాళీగా వదిలితే టికెట్ పీ2గా పడాలి.

అలాగని పేరోల్‌లో నిజమైన గడువులు లేవనుకోకండి. జీతాల ఫైలు సాధారణంగా జీతం రోజుకి రెండు బ్యాంకు పనిదినాల ముందు బ్యాంకుకి వెళ్లాలి. శుక్రవారం జీతమైతే బుధవారం వాళ్ల సాయంత్రం కటాఫ్. ఆ బుధవారం రాత్రి మనకి మోత మోగడం సహజం. జనవరి 31 డబ్ల్యూ-2 (ఉద్యోగికి ఇచ్చే ఏడాది జీతం, పన్ను లెక్క) ఫారాల గడువు. ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి నెలాఖరుల్లో మూడు నెలల పన్ను రిటర్న్. ఇవన్నీ ముందే తెలిసిన తేదీలు. తెలిసిన తేదీని ఎమర్జెన్సీలా నడపడం వల్లే సగం అలసట. ఆ రోజుల్లో సాయంత్రం షిఫ్టులో ఇద్దర్ని పెట్టండి, ఆ రోజుకీ ముందు రోజుకీ కొత్త రిలీజ్ ఆపించండి.

ఇంకొకటి: స్పందన వేరు, పరిష్కారం వేరు. 15 నిమిషాల్లో కావాల్సింది ‘చూస్తున్నాం, తర్వాతి కబురు 30 నిమిషాల్లో’ అన్న మాట. అది ఎల్1 పంపొచ్చు. దానికోసం ఎల్2 మనిషి మంచం దిగక్కర్లేదు.

ఫ్రాంక్‌ఫర్ట్_పప్పుచారు · బుధవారం మధ్యాహ్నం 1:20

స్పందన గడువు మీద ఒక మాట. యూరప్‌లో 2018లో మాట్జాక్ కేసు అని ఒక తీర్పు వచ్చింది. బెల్జియంలో ఒక అగ్నిమాపక వాలంటీరు ఇంట్లోనే ఉండి, పిలిస్తే 8 నిమిషాల్లో స్టేషన్‌కి చేరాలి. అంత కట్టడిగా ఉంటే ఇంట్లో కూర్చున్న సమయం కూడా పనిగంటలే అని యూరోపియన్ కోర్టు చెప్పింది. ఆ చట్టం ఇండియాకి వర్తించదు. కానీ అందులోని తర్కం ఎక్కడైనా నిజమే: ఫోన్ మోగకపోయినా మనిషిని కట్టిపడేసేది స్పందన గడువు. 15 నిమిషాలంటే కూరగాయలకి వెళ్లలేరు, పిల్లల్ని ఈతకి తీసుకెళ్లలేరు, స్నానానికి కూడా ఫోన్ పట్టుకెళ్లాలి. 30 చేస్తే బతుకు మారిపోతుంది. ప్రైమరీ (మొదట పిలుపు అందే మనిషి) 15 నిమిషాల్లో తియ్యకపోతే సెకండరీకి (వెనక నిలబడే రెండో మనిషికి) వెళ్లేలా పెట్టి, కస్టమర్‌కి చెప్పే గడువు 30 చెయ్యండి.

ఇక్కడ రోజుకి 11 గంటలు వరుస విశ్రాంతి తప్పనిసరి. రాత్రి 3కి పని ముగిస్తే మధ్యాహ్నం 2 వరకు డ్యూటీ లేదు. మీ టీమ్‌లో ఇది నియమంగా రాసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

గోదారిగట్టు · బుధవారం సాయంత్రం 6:45

రోటా విషయంలో కాజీపేట గారితో ఒకచోట విభేదిస్తాను. ఆన్‌కాల్ వారం మొత్తం ఒకరికే ఇవ్వొద్దు. సోమవారం నుంచి గురువారం ఒకరు, శుక్రవారం నుంచి ఆదివారం ఇంకొకరు. వరసగా ఏడు రాత్రులు నిద్ర తెగితే పోనుపోను తప్పులు పెరుగుతాయి. నాలుగైతే తట్టుకుంటారు.

చేతులు మారే సమయం శుక్రవారం మధ్యాహ్నం 3 పెట్టండి, అందరూ ఆఫీసులో ఉండే వేళ. హ్యాండోవర్ 20 నిమిషాల మాట కావాలి, మెయిల్ కాదు. తెరిచి ఉన్నవి, ఆపి ఉంచిన అలర్ట్‌లు, ఈ వారాంతంలో ఎవరి రిలీజ్, ఏ కస్టమర్ కోపంగా ఉన్నాడు. చివర్లో టెస్ట్ పేజ్ ఒకటి పంపి కొత్త మనిషి ఫోన్ మోగిందని చూసి లేవండి.

ఎల్‌త్రీ_కాజీపేట · బుధవారం రాత్రి 7:30

మీ మాటల న్యాయముంది. కానీ ఆరుగురితోని 4-3 చేస్తే ఒక్కొక్కరికి మూడు వారాలకోసారి ఆన్‌కాల్ తగులుతది, వారాంతాలు ముక్కలైతయి. ఊరికి పోవాలంటే కుదరదు. సాయంత్రం షిఫ్టు పెట్టినంక మిగిలే ఆన్‌కాల్ వారానికి ఒకటి రెండు పేజీలే ఉంటే, వారం ఒక్కరికే ఉండనీయి. మూడు దాటితే మీ పద్ధతే కరెక్టు. ఇక్కడ కూడా షీట్ చూసే నిర్ణయించాలె.

వైద్యం_తెలిసిన_అక్క · బుధవారం రాత్రి 9:00

నిద్ర గురించి.

గాఢనిద్రలోంచి లేపితే మెదడు వెంటనే పూర్తిగా లేవదు. దీన్ని నిద్రమత్తు అనుకోండి, 15 నుంచి 30 నిమిషాలు ఉంటుంది, తెల్లవారుజామున ఇంకా ఎక్కువ. ఆ వేళలో మనిషి మాట్లాడగలడు, టైపు చెయ్యగలడు, తాను బాగానే ఉన్నాననుకుంటాడు. నిర్ణయాలు మాత్రం తప్పుతాయి. అందుకే రన్‌బుక్ (ఏ అలర్ట్‌కి ఏం చెయ్యాలో రాసిపెట్టిన పత్రం) నిద్రమత్తులో ఉన్నవాళ్ల కోసం రాయాలి. మొదటి మూడు అడుగులూ చూసేవే కావాలి, మార్చేవి కాదు. కమాండ్ పూర్తిగా కాపీ చేసుకునేలా ఉండాలి. ‘సంబంధిత సర్వర్ పేరు వేసుకోండి’ అని రాస్తే రాత్రి 3కి తప్పు పేరే పడుతుంది. డిలీట్, రీస్టోర్, ఫెయిలోవర్ (పనిని వేరే సర్వర్‌కి మళ్లించడం) వంటివాటికి ముందు ‘లేచి 15 నిమిషాలైందా? సెకండరీకి చెప్పారా?’ అన్న వాక్యం పెద్దక్షరాల్లో పెట్టండి. లేవగానే పెద్ద లైటు వేసి, మొహం కడుక్కుని, నిలబడి మొదటి రెండు నిమిషాలు చదవండి.

పని అయ్యాక ఉల్టా. లైటు తగ్గించండి. ఇన్సిడెంట్ నోట్ మూడు వాక్యాలు రాసి మూసెయ్యండి, పూర్తి ఆర్‌సీఏ (మూలకారణం నివేదిక) పొద్దున. స్లాక్‌లో వేరే చానెళ్లు తెరవకండి. 20 నిమిషాలు నిద్ర పట్టకపోతే మంచం దిగి కుర్చీలో కూర్చోండి, కళ్లు బరువెక్కాక వెళ్లండి. మంచం మీదే దొర్లుతుంటే మంచం అంటేనే మెలకువ అని ఒంటికి అలవాటైపోతుంది.

కాఫీలో కెఫీన్ సగం దిగడానికి సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 2:30కి దిగే షిఫ్టులో రాత్రి 9 తర్వాత కాఫీ, టీ వద్దు. పగటి కునుకు అయితే 20 నిమిషాలు, లేదా పూర్తిగా గంటన్నర. నడిమధ్య 45 నిమిషాలకి లేస్తే తల దిమ్మెక్కుతుంది.

బండి విషయం మాత్రం గట్టిగా చెప్తాను. వరుసగా 17 గంటలు మెలకువగా ఉంటే మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నంతగా తగ్గుతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. మన దేశంలో తాగి నడపడానికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్లకి 30 మిల్లీగ్రాములు, అంటే 0.03. ఉదయం 8కి లేచిన మనిషి రాత్రి 1కల్లా ఆ హద్దు దాటినట్టే. రాత్రి 2:30కి షిఫ్టు దిగినవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీద సొంత కారు నడుపుకుంటూ రాకూడదు. క్యాబ్ ఇప్పించండి, లేదా ఆ షిఫ్టు ఇంటినుంచే చెయ్యనివ్వండి.

మినీయూపీఎస్ · బుధవారం రాత్రి 10:10

ఫోను, కరెంటు సంగతి. ‘మోగుతుందో లేదో’ అన్న దిగులుతో సగం నిద్ర పోతుంది కాబట్టి ఇది కూడా బర్నౌట్ విషయమే.

ఆండ్రాయిడ్‌లో పేజింగ్ యాప్‌కి డూ నాట్ డిస్టర్బ్ దాటే అనుమతి ఇవ్వండి, బ్యాటరీ దగ్గర ఆంక్షలు లేవు అని పెట్టండి. షావోమీ, వివో, రియల్‌మీ ఫోన్లలో ఆటోస్టార్ట్ కూడా ఆన్ చెయ్యాలి, లేకపోతే రాత్రికి యాప్‌ని ఫోనే చంపేస్తుంది. ఐఫోన్‌లో క్రిటికల్ అలర్ట్స్ అనుమతి. ఫోన్ కాల్‌గా వచ్చే పేజీలు విదేశీ నంబర్ల నుంచి, రోజుకో నంబరు నుంచి వస్తాయి. స్పామ్ యాప్ ఆపేస్తుంది. ఆ నంబర్లన్నీ ఒకే కాంటాక్ట్‌లో వేసి స్టార్ పెట్టండి. ఆ కాంటాక్ట్‌కి ఇంకెక్కడా వాడని రింగ్‌టోన్ పెట్టి, డ్యూటీ దిగగానే దాన్ని మార్చెయ్యండి. లేకపోతే పెళ్లిలో ఎవరి ఫోనో అదే పాట మోగినా ఒళ్లు ఝల్లుమంటుంది.

రూటర్‌కి మినీ యూపీఎస్ కొనేటప్పుడు డబ్బా మీద 8,800 ఎంఏహెచ్ అని ఉంటుంది. అది 3.7 వోల్టుల సెల్ లెక్క, 12 వోల్టులది కాదు. అంటే సుమారు 32 వాట్ అవర్లు, మార్పిడిలో పోయింది పోగా 26. రూటర్ 9 వాట్లు తింటే మూడు గంటల్లోపే. ఫైబర్ డబ్బా వేరేగా ఉంటే దానికీ కరెంటు కావాలి, అప్పుడు గంటన్నర. ముందు అడాప్టర్ మీద వోల్టేజీ చూసుకోండి. 9 వోల్టుల రూటర్‌కి 12 ఇస్తే కాలిపోతుంది. వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ ఎలాగూ ఉండాల్సిందే.

మల్లెపందిరి · గురువారం ఉదయం 7:50

కాంప్ ఆఫ్ (అదనపు పనికి బదులుగా ఇచ్చే సెలవు) గురించి ఎవరూ రాయలేదు. కూడబెట్టుకునే కాంప్ ఆఫ్ పనికిరాదండీ. మార్చిలో పోయిన నిద్ర దసరాకి తీసుకుంటే ఒంటికి ఏం ఒరుగుతుంది? అదే రోజు, లేదా ఆ వారంలోనే. నియమం ఇంత చిన్నగా ఉండాలి: రాత్రి 12కీ 5కీ మధ్య గంట దాటి మెలకువగా ఉంటే, మరుసటి రోజు డ్యూటీ మధ్యాహ్నం 1కి మొదలు. అడగక్కర్లేదు, గ్రూపులో ఒక్క మాట పెడితే చాలు. అడగాల్సి వస్తే, మరీ నలిగిపోయినవాళ్లే అడగరు.

పండగలు మూడు నెలల ముందే రోటాలో పెట్టండి. సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, రంజాన్, క్రిస్మస్. ఎవరికి ఏది ముఖ్యమో అడిగి రాసుకోండి. పోయినసారి చేసినవాళ్లకి ఈసారి వద్దు.

పాత_బ్రిడ్జికాల్ · గురువారం ఉదయం 9:15

మేనేజరు దగ్గరికి ఇవన్నీ పట్టుకెళ్లకండి. ఒక్క పేజీ. పైన మీ అంకెలు: 38 రాత్రి పేజీలు, ఒక్కోటి నిద్ర పట్టేవరకు సగటున 40 నిమిషాలనుకుంటే 25 గంటలు. అందులో పనికొచ్చినవి 9. కింద అడిగేవి మూడే: సాయంత్రం షిఫ్టు, పోర్టల్‌లో మూడు ప్రశ్నలు, మధ్యాహ్నం 1 నియమం. ఆరు వారాలు చేసి చూద్దాం, అంకెలు మళ్లీ తెస్తాం అనండి. ‘అందరూ అలసిపోయారు’ అంటే సానుభూతి దొరుకుతుంది. గంటలు చూపిస్తే నిర్ణయం దొరుకుతుంది.

నిద్రగన్నేరు · గురువారం రాత్రి 8:30

అందరికీ చాలా థాంక్స్. ఆరు వారాలకి ఇలా అనుకుంటున్నాం. వచ్చే సోమవారం నుంచి సాయంత్రం 5:30–2:30 షిఫ్టు, ఇంటినుంచే. ఆన్‌కాల్ 2:30 నుంచి 10, వారానికొకరు, పేజీలు మూడు దాటితే 4-3కి మార్పు. ‘ఫర్’ గడువు 5 నిమిషాలు, డిస్క్ అలర్ట్ తిరగరాత, ఎక్కువ మోగే నాలుగు అలర్ట్‌లు తీసివేత. పోర్టల్ ఫారం మార్చడానికి రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఎల్1 ఫోన్‌లోనే మూడు ప్రశ్నలు అడుగుతారు. షీట్‌లో ‘మళ్లీ నిద్ర పట్టిన టైము’ గడి పెట్టేశాను.

కేబుల్_పురుగు · గురువారం రాత్రి 9:05

ఆ నాలుగింటినీ ఒక్కసారిగా తీసెయ్యకండి. రెండు వారాలు పేజ్ ఆపి చానెల్‌లోకి మాత్రం పంపండి. రోజూ పొద్దున పగటి మనిషి ఒకసారి చూసి ‘దీనికి లేపాల్సింది’ అనుకున్నది ఉంటే గుర్తు పెట్టాలి. రెండు వారాల్లో ఒక్క గుర్తూ పడనిదాన్ని తీసెయ్యండి. పడినదానికి హద్దు మార్చండి.

ఎల్‌త్రీ_కాజీపేట · గురువారం రాత్రి 9:20

ఒక్కటి మర్చిపోవద్దు. నవంబరు మొదటి ఆదివారం అమెరికల గడియారం గంట వెనక్కి పోతది. అప్పుడు వాళ్ల సాయంత్రం 5 మనకు రాత్రి 3:30 అయితది. షిఫ్టు మన టైముల కట్టేసి ఉంటే రోజూ 2:30 నుంచి 3:30 దాకా మళ్లా నిద్రపోతున్న మనిషి మీదనే పడతది. షెడ్యూల్ టూల్‌ల టైమ్‌జోన్ న్యూయార్క్ అని పెట్టున్రి, ఆన్‌కాల్ మొదలయ్యే టైము కూడా దాన్ని బట్టే జరగాలె. మార్చి రెండో ఆదివారం మళ్లా ముందుకొస్తది. ఆ రెండు సోమవారాలకి క్యాలెండర్‌ల ఇప్పుడే రిమైండర్ పెట్టుకోన్రి.